మాకు ఓటు లేని వార్తలు: తెలుగు వార్తా ఛానళ్ల సంపాదకులకు బరంపురం నుంచి బహిరంగ లేఖ

తెలుగు వార్తా ఛానళ్ల సంపాదకులకు నమస్కారాలు.

నేను ఒడిశాలోని బరంపురంలో ఉంటాను. జాకెట్లు, డ్రెస్సులు కుట్టే చిన్న షాపు నాది. మిషన్‌కి ఎదురుగా గోడకి టీవీ ఉంది. షట్టర్ ఎత్తింది మొదలు దించేదాకా అది మోగుతూనే ఉంటుంది. సీరియళ్ల టైమ్‌లో సీరియళ్లు, మిగతా టైమంతా మీరే. మీ డిబేట్లను ప్రకటనలతో సహా ఆఖరుదాకా చూసేవాళ్లు ఎక్కడైనా ఇంకా మిగిలారంటే, వాళ్లలో నా షాపుకొచ్చే ఆడవాళ్లు తప్పకుండా ఉంటారు. ఆ చనువుతోనే రాస్తున్నాను.

నా ఫిర్యాదు ఒక్కటే. ఏ ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కు మాకు లేదో, దాని గురించి మీ పుణ్యమా అని మాకు సమస్తం తెలుసు. మేము ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వం ఏం చేస్తోందో మా భాషలో చెప్పే దిక్కు లేదు.

మా అత్తగారి సంగతే చెబుతాను. ఆవిడకి డెబ్బై దాటాయి. తెలుగు పేపరు కూడబలుక్కుని చదువుతారు. ఒడియా వింటే సగం అర్థమవుతుంది, చదవడం రాదు. 2024 ఎన్నికల్లో ఆంధ్రాలో కూటమికి 164, వైసీపీకి 11 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అందులో తెలుగుదేశానికి 135, జనసేనకి 21, బీజేపీకి 8 అని విడగొట్టి మరీ చెబుతారు. అత్తయ్యా, మరి మన ఒడిశాలో ఎవరికెన్ని వచ్చాయి అని అడిగితే, "మోదీ పార్టీ అంట కదే" అన్నారు. 147 సీట్లున్న మా అసెంబ్లీలో బీజేపీకి 78, నవీన్ పట్నాయక్ గారి బీజేడీకి 51 వచ్చి, 24 ఏళ్లుగా ఉన్న ప్రభుత్వం పోయిందన్న సంగతి ఆవిడకి చేరవేసింది పక్కింటి ఒడియా ఆవిడ. అదీ పెరటి గోడ మీంచి.

ఆ ఏడాది మే 13న ఆంధ్రాలోనూ, మా బరంపురం లోక్‌సభ సీటులోనూ ఒకే రోజు పోలింగ్ జరిగింది. మా అత్తగారు పొద్దున్నే వెళ్లి వేలికి సిరా పెట్టించుకుని వచ్చి, టీవీ ముందు కూర్చుని, చీకటి పడేదాకా పల్నాడు గొడవలు చూశారు. తాను ఓటేసిన చోట ఎంతమంది ఓటేశారో ఆవిడకి తెలియదు, మాచర్లలో ఎక్కడ ఏం పగిలిందో తెలుసు. జూన్ 12 మరీ విచిత్రం. పొద్దున్న గన్నవరం దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు గారి ప్రమాణ స్వీకారం, సాయంత్రం భువనేశ్వర్‌లో మోహన్ చరణ్ మాఝీ గారి ప్రమాణ స్వీకారం. ప్రధానమంత్రి రెండింటికీ వచ్చారు. పొద్దుటి సభను మీరు వేదిక మీది కుర్చీల వరసతో సహా చూపించారు. సాయంత్రం సభ, నేను చూసినంతలో, తెర అడుగున పరిగెత్తే అక్షరాల్లో వచ్చి వెళ్లిపోయింది. ఆ అక్షరాలు అందుకునేంత వేగం మా అత్తగారి కళ్లకి లేదు.

పోనీ ఒడిశా రాజకీయాల్లో మసాలా లేదా అంటే, బోలెడంత ఉంది. నవీన్ పట్నాయక్ గారు 2000 మార్చి నుంచి 2024 జూన్ దాకా ముఖ్యమంత్రి. మన దేశంలో అంతకంటే ఎక్కువ కాలం ఆ కుర్చీలో కూర్చున్నది సిక్కిం పవన్ చామ్లింగ్ గారొక్కరే. ఆయన నియోజకవర్గం హింజిలి మా గంజాం జిల్లాలోనే ఉంది, బరంపురం నుంచి బస్సులో గంట కూడా పట్టదు. ఒడియా సరిగా మాట్లాడటం రాని మనిషి, ప్రసంగాలను ఇంగ్లీషు అక్షరాల్లో రాయించుకుని చదివిన మనిషి, అన్నేళ్లు ఒడిశాను ఏలారు. (మాలాంటి వాళ్లకి మాత్రం మార్కెట్లో వంకాయలు కొనాలన్నా ఒడియా రావాల్సిందే.) 2024లో రెండు చోట్ల నిలబడి కాంటాబాంజీలో ఓడిపోయి, హింజిలిలో బయటపడ్డారు. ఇలాంటి కథ ఆంధ్రాలో జరిగుంటే మీరు నెల రోజులు నలుగురిని కూర్చోబెట్టి అరిపించేవారు.

ఇదంతా కాలక్షేపం కబుర్ల వరకే అయితే నేను ఉత్తరం రాసేదాన్ని కాదు. అసలు బాధ డబ్బు దగ్గర, కాగితాల దగ్గర వస్తోంది.

ఆంధ్రాలో కూటమివాళ్లు సూపర్ సిక్స్ అని ఆరు హామీలు ఇచ్చినప్పుడు, 18 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లకి నెలకి 1,500 ఇస్తామన్న ఆడబిడ్డ నిధి ఎప్పుడు మొదలవుతుందని నా షాపులో పెద్ద వాదనలే జరిగాయి. వాదించిన వాళ్లలో ఒక్కరికీ ఆ డబ్బు రాదు. బడికెళ్లే పిల్లల తల్లులకిచ్చే తల్లికి వందనంలో 15,000కి 13,000 చేతికిచ్చి మిగతా 2,000 బడి బాగు కోసం పట్టుకుంటారని మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇక్కడ మాకు నిజంగా వచ్చేది వేరే ఉంది. 2024 సెప్టెంబరు 17న ఒడిశా ప్రభుత్వం సుభద్ర పథకం మొదలుపెట్టింది. 21 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న అర్హులైన ఆడవాళ్లకి ఏడాదికి 10,000. రాఖీ పూర్ణిమకి సగం, మార్చి 8న మహిళా దినోత్సవానికి సగం. అయిదేళ్లకి మొత్తం 50,000. బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింక్ అయి ఉండాలి, ఈ-కేవైసీ చేయించుకోవాలి.

నా దగ్గరికొచ్చే తెలుగు ఆడవాళ్లలో చాలామందికి ఈ సంగతి అంగన్‌వాడీ ముందు క్యూ చూశాకే తెలిసింది. క్యూలో నిలబడి ముందుదాకా వెళ్లాక, ఖాతా లింక్ కాలేదని కొందరు వెనక్కొచ్చారు. లింక్ అంటే ఏమిటో, ఎక్కడ చేస్తారో వాళ్లకి ముందే తెలుగులో ఎవరైనా రెండు ముక్కలు చెప్పి ఉంటే బ్యాంకుకీ అంగన్‌వాడీకీ మధ్య అన్ని చెప్పులు అరిగేవి కావు. ఒక అమ్మాయి నన్ను అడిగింది: "అప్పా (అక్కా), ఇది చంద్రబాబు ఇస్తున్నదేనా?" షాపులో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. రోజంతా ఏ పేరు చెవిన పడుతుందో ఆ పేరే నోటికొస్తుంది కదా.

బస్సు గొడవ కూడా అలాంటిదే. మా అప్పని ఇచ్ఛాపురంలో ఇచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి, ఆధార్ కార్డు చూపించి శ్రీకాకుళం దాకా టికెట్ డబ్బుల్లేకుండా వెళ్లొస్తుంది. ఆమె పక్క సీట్లో కూర్చున్న నేను డబ్బులిచ్చి టికెట్ కొనుక్కోవాలి, నా కార్డు మీద ఒడిశా అడ్రసు ఉంది. అందులో అన్యాయం ఏమీ లేదు, ఏ రాష్ట్రం సొమ్ము ఆ రాష్ట్రం వాళ్లకే. అయితే "మహిళలందరికీ ఉచితం" అని మీరు రోజుకి వంద సార్లు అంటుంటే విని, ఇచ్ఛాపురంలో బస్సెక్కి కండక్టర్‌తో తగువు పడిన వాళ్లు మా వీధిలోనే ఉన్నారు. ఆంధ్రా అడ్రసు ఉన్నవాళ్లకే అన్న ముక్క చేర్చడానికి మీకు రెండు సెకన్లు చాలు.

గోపాల్‌పూర్ వైపు వెళ్తే ఇది ఇంకా ముదిరి కనిపిస్తుంది. ఆ తీరంలో తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, ఒడియావాళ్లు నోలియాలంటారు. వేట నిషేధం అనగానే మీరు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అంటారు, ఆంధ్రా ప్రభుత్వం ఇచ్చే 20,000 భృతి గురించి చెబుతారు. ఆ 61 రోజులు తూర్పు తీరమంతా ఉన్నవే. కానీ ఇక్కడ రుషికుల్యా నది సముద్రంలో కలిసే చోటికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి కోసం అక్కడ ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట మీద ఆంక్షలుంటాయి. ఏడు నెలలు! ఈ తీరంలో బతికే తెలుగువాడికి ఏ తారీఖులు ముందు తెలియాలి? మీరు తాబేళ్లను చూపిస్తారు, కాదనను. లక్షల తాబేళ్లు ఒడ్డుకొచ్చినప్పుడు మంచి సంగీతం పెట్టి చూపిస్తారు. ఆ ఇసకలోనే వల బాగుచేసుకుంటూ కూర్చున్న మనిషి తెలుగు మాట్లాడతాడని, అతన్ని కూడా ఒక మాట అడగొచ్చని మీ వాళ్లకి తోచదు.

మీరు మా వైపు బొత్తిగా రారని అనను. ఏవోబీ, అంటే ఆంధ్రా ఒడిశా బోర్డర్ అని పేరు పెట్టుకుని వస్తారు. అదీ గంజాయి పట్టుబడాలి, లేదా ఎదురుకాల్పులు జరగాలి, ఏనుగులు ఊళ్ల మీద పడాలి, తుఫాను పట్టాలి. లేదంటే కొటియా రగలాలి. ఇటు కోరాపుట్ జిల్లా పొట్టంగి, అటు సాలూరు, మధ్యలో రెండు రాష్ట్రాలూ మావంటే మావనే 21 కొటియా గ్రామాలు. 1968 నుంచి సుప్రీంకోర్టు చెప్పిన యథాతథ స్థితి నడుస్తోంది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా వాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు కెమెరాలు కొండెక్కాయి. నాయకుల తోపులాట చూపించి దిగిపోయాయి. రెండు రాష్ట్రాల కార్డులూ జేబులో పెట్టుకుని తిరిగే ఆ కొండ ప్రజలు జబ్బు చేస్తే ఎటు దిగుతారో, పిల్లలు ఏ భాషలో చదువుకుంటున్నారో చూడాలని నాకుంది. తోపులాట లేని రోజున వెళ్తే తప్ప అది కనిపించదు.

తుఫాను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో పడిపోయిన కొబ్బరి, జీడి తోటలు మీరు రోజుల తరబడి చూపించారు. చూపించాల్సిందే, మా బంధువుల చెట్లు కూడా అందులో ఉన్నాయి. అదే తుఫానుకి సరిహద్దు ఇవతల గజపతి జిల్లా కొండల్లో వాన దంచికొట్టింది. బరఘర దగ్గర గుహలాంటి చోట తలదాచుకున్న జనం మీద కొండచరియ విరిగిపడి ప్రాణాలు పోయాయి. మా పుట్టిల్లు పర్లాకిమిడి. అమ్మకి ఫోన్ కలవడం లేదు. నేను ఇక్కడ టీవీ ముందు నిలబడి, మీ నోట్లోంచి పర్లాకిమిడి అన్న మాట ఎప్పుడొస్తుందా అని ఒక్కో ఛానలూ మార్చి చూశాను. పాతపట్నం అని వచ్చింది. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య మహేంద్రతనయ ఏరు తప్ప ఇంకేం లేదు, జనం సైకిళ్ల మీద తిరుగుతారు. మీ విలేకరి ఆ ఒడ్డునే ఆగిపోయాడు. చివరికి అమ్మ వాళ్ల వీధి నేను చూసింది ఒక ఒడియా ఛానల్లో.

వినోదం దగ్గరికొస్తే మాత్రం మీకూ మాకూ మధ్య సరిహద్దే లేదు. సీరియల్లో కోడలి పాత్ర వేసుకున్న జాకెట్ చేతులు వారం తిరక్కుండా నా మిషన్ మీదికొస్తాయి. ఫోన్‌లో ఆపి తీసిన ఫోటో పట్టుకొచ్చి "వదినా, వెనకాల ముడి అచ్చం ఇలాగే రావాలి" అంటారు. ఒడియా అమ్మాయిలు కూడా అదే ఫోటో తెస్తారు. వాళ్లకి తెలుగు రాకపోయినా కథ మొత్తం తెలుసు. ఇక బిగ్ బాస్ వచ్చిందంటే చెప్పక్కర్లేదు. నా షాపులో అందరికీ ఓటు హక్కున్న ఒకే ఒక్క తెలుగు ఎన్నిక అది. ఆధార్ మీద అడ్రసు ఎక్కడిదని ఆ యాప్ అడగదు.

రాజకీయాన్ని కూడా మావాళ్లు ఆ సీరియళ్లలాగే చూడటం మొదలుపెట్టారని నా అనుమానం. మా మరిది జగన్ గారి అభిమాని, మా ఆడపడుచు భర్త పవన్ కల్యాణ్ గారి అభిమాని. పిఠాపురం ఫలితం వచ్చిన రోజు మా వీధిలో టపాసులు పేలాయి. ఆ రాత్రి మాటా మాటా అనుకుని, ఇప్పటికీ ఒకే పెళ్లికి వెళ్లినా వేరు వేరు బంతుల్లో కూర్చుంటున్నారు. ఇద్దరి ఓటూ బరంపురంలోనే. మన వార్డు కార్పొరేటర్ ఎవరు బాబూ అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ నీళ్లు నమిలారు. మా వీధి కాలువ వానొస్తే పొంగి షాపు మెట్టు దాకా వస్తుంది. దాని గురించి వాళ్లిద్దరూ దెబ్బలాడుకున్నా నాకు సంతోషమే.

సినిమావాళ్లు రాజకీయాల్లోకి రావడమనేది తెలుగువాళ్ల సొంత సరుకన్నట్టు మీ డిబేట్లలో మాట్లాడుతుంటారు. ఎన్టీఆర్ గారు 1982లో పార్టీ పెట్టి తొమ్మిది నెలల్లో అధికారంలోకి రావడం గొప్పే, ఎవరు కాదన్నారు? కానీ అయ్యా, మాకు ఎంపీగానే సినిమా హీరో ఉండేవారు. ఒడియా హీరో సిద్ధాంత మహాపాత్ర 2009లో, 2014లో వరుసగా బరంపురం నుంచి లోక్‌సభకి గెలిచారు. చిరంజీవి గారు ప్రజారాజ్యం తరఫున తిరుపతిలో గెలిచి పాలకొల్లులో ఓడిపోయిన ఆ 2009 ఎన్నికల్లోనే. పాలకొల్లులో ఎందుకు ఓడిపోయారో మా అత్తగారు ఇప్పటికీ కులాల లెక్కలతో సహా చెబుతారు. పదేళ్లు మా ఎంపీగా ఉన్న హీరో మాకేం చేశారు, ఏం చేయలేదు అన్న లెక్క తెలుగులో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆవిడకి అది ఏమీ తెలియదు.

జాతరల విషయం కూడా అంతే. రెండేళ్లకోసారి మా ఊళ్లో బుఢీ ఠాకురాణి జాత్ర జరుగుతుంది. అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు దేశిబెహరా వీధికి వస్తుంది. ఆ సంబరం నడిపించే దేరా నేతవాళ్ల పెద్దలు ఒకప్పుడు తెలుగు నేల నుంచి వచ్చిన వాళ్లే. బరంపురం పట్టు వాళ్ల చేతిపనే. రాత్రంతా వేషాలు తిరుగుతాయి, మొక్కు వేషాల బట్టలు కుట్టలేక నాకు నిద్ర ఉండదు. అంత బొమ్మలకొలువు లాంటి ఊరిని మీరు ఒక్కసారి లైవ్ ఇస్తే మీ రేటింగులకేం తక్కువ కాదు.

పాత పేర్లు కూడా గుర్తు చేస్తాను, ఏమీ అనుకోకండి. పి.వి. నరసింహారావు గారు 1996లో నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాల వదిలేసి బరంపురం ఉంచుకున్నారు. వి.వి. గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్లోనే. ఆగస్టు 29న మీరంతా గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. ఆయన పంతులుగా పనిచేసిందీ, సవరల మాట నేర్చుకున్నదీ మా పర్లాకిమిడిలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాతలు వెళ్లలేదు. ఇల్లు, కొట్టు, అప్పులు అన్నీ ఇక్కడే ఉన్నాయి మరి. వెళ్లినాయన్ని ఏటా తలుచుకుంటున్నారు, మంచిదే. ఉండిపోయిన వాళ్ల మనవలం ఇంకా ఇక్కడే ఉన్నాం.

మమ్మల్ని ఆంధ్రాలో కలపమని నేను అడగడం లేదు. ఆ మాట ఎత్తితే మళ్లీ జెండాలు, తోపులాటలు. మా పిల్లలు ఒడియాలో చదువుకుంటున్నారు, నా గిరాకీలో సగం ఒడియావాళ్లు, నాకు ఇక్కడ ఏ కష్టమూ లేదు. రోజుకి పది నిమిషాలు చాలు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల వార్తలు ఎలాగూ ఇస్తారు. వాటి వెనకే గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి వార్తలు తెలుగులో చదివించండి. స్క్రోలింగ్ వద్దు. మా అత్తగారికి ఒడియా అక్షరాలు రావు, మా అమ్మాయికి తెలుగు అక్షరాలు రావు. కరెంటు బిల్లు వస్తే మనవరాలు చదివి చెప్పాలి, శుభలేఖ వస్తే నాయనమ్మ చదివి చెప్పాలి. ఇద్దరికీ కలిపి పనికొచ్చేది నోటితో చెప్పే వార్త ఒక్కటే.

రేటింగుల లెక్కలో ఆంధ్రా, తెలంగాణ ఒక మార్కెట్టు, ఒడిశా వేరే మార్కెట్టు, మీరు చూసినా మాకు లాభం లేదు అంటారని తెలుసు. అయితే మీ తెర మీద వచ్చే విశాఖ ఆసుపత్రుల ప్రకటనలు, చీరల కొట్ల ప్రకటనలు ఎవరి కోసం? గుండె నొప్పి వచ్చినా, కూతురి పెళ్లి కుదిరినా మా బరంపురం, రాయగడ, కోరాపుట్ జనం రైలెక్కి దిగేది విశాఖలోనే. అక్కడ మా డబ్బు ఏ రాష్ట్రానిదని ఎవరూ అడగరు. ఆ కొట్ల వాళ్లనే అడగండి, ఈ పది నిమిషాలకి ప్రకటన ఇస్తారో లేదో.

ఒడియా ఛానళ్లు చూసుకోవచ్చు కదా అంటారేమో. చూస్తాం. నేనూ పిల్లలూ చూస్తాం. ఇల్లు దాటని పెద్దవాళ్లు, పెళ్లయి ఈ మధ్యే సోంపేట నుంచో టెక్కలి నుంచో వచ్చిన కోడళ్లు, పడవ మీద బతికే మగవాళ్లు చూడలేరు. ప్రభుత్వంతో ఎక్కువ పని పడేది కూడా వాళ్లకే.

మొదలుపెట్టేటప్పుడు పెద్ద పెద్ద వార్తలు అక్కర్లేదు. సుభద్ర డబ్బు పడనివాళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పండి. రుషికుల్యా దగ్గర ఏ తారీఖు నుంచి పడవ దించకూడదో చెప్పండి. రేషన్ కార్డు ఈ-కేవైసీ గడువు, వానాకాలంలో గజపతి కొండ దారుల్లో ఏది మూసేశారు, ఇలాంటివి. ఎవరు ఎవర్ని తిట్టారన్నది ఉండనే ఉంది, అది మిగతా టైమంతా ఇస్తూనే ఉన్నారు.

టైమ్ మాత్రం సాయంత్రం ఆరున్నరలోపు పెట్టించండి. ఏడయితే సీరియల్ మొదలవుతుంది. ఆ తర్వాత ఏ రాష్ట్రం ముఖ్యమంత్రి తెర మీదికొచ్చినా మా అత్తగారు రిమోట్ ఇవ్వరు.

ఇట్లు,
బరంపురంలో కుట్టుపని చేసుకునే మీ ప్రేక్షకురాలు